సిమ్యులేషన్ ప్రాక్టికల్‌కి మార్కులు దేనికి వేయాలి?

భౌతికశాస్త్రం_జేఎల్: ఫెట్‌లో (PhET, సైన్స్ సిమ్యులేషన్ల ఉచిత వెబ్‌సైట్) లోలకం సిమ్యులేషన్ ఇచ్చి g విలువ (గురుత్వ త్వరణం) కనుక్కోమంటే, పుస్తకంలో ఉన్న 9.8 రాసి స్క్రీన్‌షాట్ అంటించి ఇచ్చేస్తున్నారు. అందరివీ ఒకేలా ఉన్నాయి. 20 మార్కులకు ఎలా దిద్దుతారు?

లోలకం_మేడం: సార్, భూమి వద్దు, అదే సిమ్యులేషన్‌లో ఉన్న ప్లానెట్ ఎక్స్ అనే ఊహా గ్రహం ఇవ్వండి. అక్కడి g ఏ పుస్తకంలోనూ ఉండదు, కొలవాల్సిందే. ఘర్షణ సున్నా, కోణం 10 డిగ్రీల లోపు, స్టాప్‌వాచ్‌తో 10 డోలనాలు. ఒక్క డోలనమే కొలిచినవాళ్లకి మార్కు తగ్గించండి. భూమ్మీద 1 మీటరు లోలకానికి డోలన కాలం దాదాపు 2 సెకన్లు, నొక్కడంలో 0.2 సెకను తేడా వస్తే g లో దాదాపు 20 శాతం తప్పు. పది కొలిస్తే అదే 2 శాతానికి దిగుతుంది.

అసలు పని గ్రాఫ్‌లో తెలుస్తుంది. పొడవు 0.4 నుంచి 1.0 మీటరు దాకానే తీసుకుంటే డోలన కాలం (T), పొడవు (L) గ్రాఫ్ కూడా సరళరేఖలాగే కనబడుతుంది, పిల్లలు స్కేలు పెట్టి గీసేస్తారు. 0.1 మీటరు తప్పనిసరి చేయండి. భూమ్మీద ఆ గీత ప్రకారం 0.9 సెకను రావాలి, కొలిస్తే 0.63 వస్తుంది. అప్పుడు T² ఎందుకు వేయాలో వాళ్లే రాస్తారు. ఆ రెండు వాక్యాలకి నేనైతే 5 మార్కులు ఇస్తాను.

భౌతికశాస్త్రం_జేఎల్: భూమ్మీద చేసి 8.5 తెచ్చినవాళ్లకో?

లోలకం_మేడం: కోణం ఎంతో అడగండి. 1 మీటరు లోలకాన్ని 60 డిగ్రీల నుంచి వదిలితే 10 డోలనాలకి 21.5 సెకన్లు, g సరిగ్గా 8.5 దగ్గరే వస్తుంది. కొలత నిజాయితీగా చేశారన్నమాట, g కట్టే సూత్రమే చిన్న కోణాలది. కారణం చెప్తే పూర్తి మార్కులు. కొలతల్లో ఎక్కడా చిన్న తేడా కూడా లేకుండా 9.81 రాసిన పేపరునే అనుమానించాలి.

బయాలజీ_పదోతరగతి: నెట్‌లోగోలో (కంప్యూటర్ నమూనాలు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) తోడేళ్లు, గొర్రెల నమూనాకి ఒక్క స్క్రీన్‌షాట్ అసలు పనికిరాదండీ. అంకెలు మార్చకుండా నడిపినా ప్రతిసారీ వేరే గ్రాఫ్ వస్తుంది. గడ్డి లేకుండా 10 సార్లు, గడ్డితో 10 సార్లు నడిపి, ఏ జంతువు ఎన్నిసార్లు అంతరించిందో టేబుల్ వేయమనండి. కంప్యూటర్ ముట్టుకోకముందే ఏమవుతుందో పెన్నుతో రాయించి తీసేసుకోండి. ఊహ తప్పినా మార్కు పోదు, కారణానికే మార్కు. నా విభజన: ఊహ 4, టేబుల్ 5, గ్రాఫ్ వివరణ 5, నమూనాలో లేనిది ఏమిటన్నదానికి 6.

లోలకం_మేడం: ఆ చివరి 6 మార్కులకి ఎలాంటి జవాబు ఆశిస్తారు?

బయాలజీ_పదోతరగతి: "వర్షం లేదు, మనుషులు లేరు" అంటే 2. గడ్డి లేని పద్ధతిలో గొర్రెలకి శక్తి తరగదు, ఆకలితో చావవు, అందుకే తోడేళ్లు పోయాక గొర్రెలు ఆగకుండా పెరుగుతాయి అని గ్రాఫ్‌తో ముడిపెడితే 6.

ల్యాబ్_ఇన్‌ఛార్జ్: నెట్ లేకపోతే ఫెట్ ఫైలు ముందే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. సిస్టమ్‌కి ముగ్గురైతే కొలతలు కలిపి తీయనివ్వండి, గ్రాఫు, వివరణ మాత్రం ఎవరిది వాళ్లే.