సంత తరలింపు: అడగవలసింది ఎవరిని?

నాగావళి ఒడ్డు: ఒడిశాలో రాయగడ జిల్లాలోని మా ఊరి సంతను బైపాస్ అవతలికి మారుస్తారట. నోటీసులో "భాగస్వాముల సమ్మతితో సమగ్ర, సుస్థిర అభివృద్ధి" అని రాశారు. అక్కడ నీళ్లుంటాయా, నీడ ఉంటుందా, ఆశీలు ఎంత? ఆ ఊసే లేదు. సమ్మతించిన ఆ భాగస్వాములు ఎవరండీ?

పాత బజారు: సమావేశానికి నేను వెళ్లాను. వర్తక సంఘం వాళ్లం, వార్డు సభ్యులు, బ్యాంకు మేనేజరు ఉన్నాం. ఇంకెవరు కావాలి? సంత రోజున మా కొట్టు మెట్ల మీదే అల్లం బస్తాలు దించుతారు. గిరాకీ లోపలికి రావాలంటే వాటిని దాటుకుని రావాలి. దసరాకు తెచ్చిన చీరలు ఇంకా మడత విప్పలేదు.

రైల్వే కాలనీ: నిజమే. బండి పెట్టుకోవడానికీ చోటు లేదు.

నాగావళి ఒడ్డు: మీ చీరల గోడు సరే. కొండ దిగి అనాస, పసుపు తెచ్చే డొంగరియా గిరిజన ఆడవాళ్లలో ఒక్కరినైనా పిలిచారా? వాళ్లుండే నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాల విషయంలో 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంది. మన జిల్లాలో 12 పల్లెలూ వద్దన్నాయి.

లెక్కల మాస్టారు: మన జిల్లాలో 7. మిగతా 5 కలహండివి.

నాగావళి ఒడ్డు: ఏ జిల్లావైతేనేం, అడిగారు కదా! 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. వాళ్లను వాళ్లే ఎన్నుకోవాలి. మీ సమావేశంలో ఎందరున్నారు?

పాత బజారు: వాళ్లకు ఈ ఊళ్లో ఓటుందా? ఇంటి పన్ను కడుతున్నారా?

నాగావళి ఒడ్డు: ఆశీలు కడుతున్నారు. మా అమ్మ ఆ సంతలోనే చింతపండు అమ్మి నన్ను చదివించింది. ఒక్కనాడూ ఆమెకు రసీదు ఇచ్చిన పాపాన పోలేదు. మీ పక్కన కుర్చీ వేస్తారా ఆమెకు?

లెక్కల మాస్టారు: 7 అని ఇంకా సరిచేయలేదు.

పాత బజారు: కుర్చీ గురించి మీరా నాకు చెప్పేది? మా తాత పార్వతీపురం నుంచి వచ్చారు. మూడు తరాలైనా ఏ తగువు వచ్చినా "మీ ఆంధ్రాకు పొండి" అంటారు. వర్తక సంఘం ఒక్కటే మా మాట వినేది. అక్కడా వారానికోసారి వచ్చేవాళ్లదే పైచేయి అయితే మేమెవరికి చెప్పుకోవాలి?

నాగావళి ఒడ్డు: అంటే మీ మాట చెల్లాలంటే కొండవాళ్ల మాట చెల్లకూడదా?

పాత బజారు: చెల్లకూడదని అనలేదు. ముందు మాది వినాలంటున్నాను.