తిత్లీకి పడిన పనస పలకతో ధ్యానం పీట: ఎత్తు ఎంత పెట్టాలి?

ఉద్దానపోడు:
అందరికీ నమస్కారం. మాది కవిటి దగ్గర. వయసు 54. రోజూ తెల్లారి 5.30కి ధ్యానానికి కూర్చుంటాను. బాసింపట్టు వేస్తే 20 నిమిషాలకే ఎడమ కాలు మొద్దుబారిపోతాది, లేచాక గోడ పట్టుకొని నడవాలి. వజ్రాసనం వేస్తే చీలమండలు నలిగిపోతన్నాయి. 10 రోజుల విపశ్యన ధ్యానం కోర్సుకి వెళ్ళినప్పుడు ఒకాయన చిన్న వాలు పీట వేసుకున్నాడు. మోకాళ్ళు నేలకి ఆనించి, కాళ్ళు పీట కింద నుంచి వెనక్కి పెట్టి, గంటసేపు కదల్లేదు. ఆ పూటంతా నా ధ్యాస శ్వాస మీద లేదు, ఆ పీట మీదే.

కొనడానికి మనసొప్పలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొట్టినప్పుడు మా నాన్న వేసిన పనస చెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. కొబ్బరి చెట్లు ఎన్ని పోయాయో లెక్క రాయించుకోడంతోనే సరిపోయింది, పనస గురించి ఎవరం ఏడవలేదు. మొద్దు మిల్లుకి తోలి, వచ్చిన కాడికి అమ్మీసి, 2 పలకలు ఉంచుకున్నాం. ఇన్నేళ్ళూ పశువుల శాల అటక మీదే ఉన్నాయి. మందం 1½ అంగుళాలు, వెడల్పు 10.

మొన్న ఆదివారం పాత మామిడి చెక్కతో నమూనా ఒకటి చేశాను. ఎత్తు 5 అంగుళాలు, పైన బల్లపరుపు. కూర్చుంటే గూని వచ్చేస్తోంది, మడమలు పీటకి తగులుతున్నాయి. మా అమ్మ చూసి, "దీనికి కొబ్బరి కోరాం ఎక్కడ బిగిస్తావురా?" అంది.

ఊరి వడ్రంగి కొడుకుల దగ్గరికి హైదరాబాద్ వెళ్ళిపోయాడు. నా దగ్గర ఉన్నవి చేతిరంపం, పాత చిత్రిక, బావమరిది డ్రిల్లు. ఎత్తెంత, వాలెంత, కాళ్ళు మేకులతో కొట్టీవచ్చా? పలక కోశాక మళ్ళీ అతకలేం కదా, అందుకే ముందే అడుగుతున్నాను.

బొబ్బిలి కోడలు:
అన్నయ్యగారూ, మా మామగారు 40 ఏళ్ళు వడ్రంగం చేశారు, ఆయన్ని అడిగి రాస్తున్నాను. పనస అనగానే ఆయన అన్న మొదటి మాట, "మేకు కొట్టొద్దని చెప్పు." మా పక్కన గొల్లపల్లిలో బొబ్బిలి వీణలు చేసేది పనసతోనే, ఒకే మొద్దులోంచి తొలుస్తారు. ఉలికి బాగా లొంగుతుంది, చెద కూడా తొందరగా పట్టదు.

ఎత్తు ఫలానా ఇంత అని ఎవరు చెప్పినా పట్టించుకోకండి. మోకాళ్ళ మీద కూర్చొని, కాళ్ళ మధ్య పాత పుస్తకాలు ఒక్కొక్కటే దొంతర పెట్టండి. నడుం దానంతటది నిలబడినప్పుడు ఆపి కొలవండి. అది పలకతో కలిపి వెనక వైపు ఎత్తు. మా ఆయనకి 7½ అంగుళాలు వచ్చింది, నాకు 6½ చాలింది. ముందువైపు 1 అంగుళం తగ్గించాలి. ఆ వాలుకి తుంటి ముందుకి ఒరిగి వెన్ను లేస్తుంది. మీ నమూనాకి అది లేకే గూని.

పలకని మిల్లులో 1 అంగుళానికి దింపించండి. కూర్చునే చెక్క 18 అంగుళాల పొడవు, 7 వెడల్పు. చివర్లలో 1 అంగుళం వదిలి పీట కాళ్ళు పెడితే మధ్యలో 14 మిగులుతుంది, మీ కాళ్ళు పట్టాలి కదా. పీట కాళ్ళకి చెక్క నార నిలువుగా రావాలి, అడ్డంగా వస్తే బరువుకి చీలిపోతుంది. వాలు కాళ్ళ పైకొనలో కొయ్యండి, కింద కాదు. ముందంచు గుండ్రంగా చిత్రిక పట్టకపోతే తొడలకి కోసుకుంటుంది.

చీపురుపల్లి:
ఇంత కథెందుకండీ? కుర్చీలో కూర్చుంటే దేవుడేమైనా కోప్పడతాడా?

ఉద్దానపోడు:
కుర్చీలో నిద్దరొచ్చేస్తాదండి.

ఆమదాలవలస తాతయ్య:
నేనూ ఒకటి చేసి విరగ్గొట్టుకున్నాను కాబట్టి చెప్తున్నా. స్క్రూ కంటే సన్నగా ముందు డ్రిల్లుతో బెజ్జం వెయ్యండి. కాలికి 3 చొప్పున 2 అంగుళాల స్క్రూలు, మధ్యలో ఫెవికాల్, ఒక రాత్రంతా పైన బరువు. కాళ్ళ మధ్య, పలకకి అంటిపెట్టి, 2 అంగుళాల అడ్డుచెక్క తప్పనిసరి. నాదానికి అది లేదు. లేవబోతూ ఒక పక్కకి బరువు వేశాను, కాలు ఊడిపోయింది, నేను వెల్లకిలా పడ్డాను. మనవరాలు ఇప్పటికీ అది చేసి చూపించి నవ్విస్తుంది.

మీ ఊళ్ళో కొబ్బరినూనెకి కొదవలేదని పీటకి రాసీకండి. అది ఆరదు, జిడ్డుగానే ఉండిపోయి కంపు కొడుతుంది. అవిసె నూనె అయితే ఆరి గట్టిపడుతుంది. తుడిచిన గుడ్డని మాత్రం ఉండచుట్టి మూల పడేయొద్దు, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. ఆరుబయట పరిచి ఆరబెట్టండి. ఇంకోటి, మోకాలు వాచి ఉంటే ఈ పీట వద్దు. లేకపోయినా కింద దుప్పటి మడత వేసుకోండి.

ఉద్దానపోడు:
3 వారాలైంది, చెప్పీ వెళ్దామని వచ్చాను. పుస్తకాల లెక్క 7½ వచ్చింది. బొబ్బిలి అమ్మాయి మాట మీద నమ్మకం లేక కాదు గానీ, భయం కొద్దీ పీట ఎత్తు 8 వచ్చేలా కాళ్ళు కోశాను. కూర్చుంటే ముందుకి జారిపోయాను. పావు అంగుళం కోశాను, మరో పావు కోశాను. రెండోసారి కోత వంకర పోయి పీట ఊగడం మొదలెట్టింది. వంటింటి గ్రానైటు బండ మీద పెట్టి, పొట్టికాలు కింద అట్టముక్క తోసి, పెన్సిల్ బండకి ఆనించి కాళ్ళ చుట్టూ గీత గీసి, ఆ గీత దాకా అరగదీశాను. చివరికి వెనక 7¼, ముందు 6¼ దగ్గర ఆగింది.

చిత్రిక పడుతుంటే పసుపు రంగు పొట్టు రాలింది. పైకి అంత నల్లబడినా లోపల చెట్టు పడిన రోజున ఎలాగుందో అలాగే ఉంది. కాసేపు పని ఆపీసేను.

ఇప్పుడు 45 నిమిషాలు కూర్చుంటున్నాను, కాలు మొద్దుబారడం లేదు. చీలమండలు మొదటి వారం నొప్పెట్టాయి, దుప్పటి మడత పెట్టాక తగ్గింది. పొద్దున్న 10 గంటలు దాటితే పీట అమ్మది, జీడిపప్పు పొట్టు తీయడానికి. "జారిపోతన్నానురా, ఆ రెండో పలకతో నాకు వాలు లేకండా ఒకటి చెయ్యి" అంటోంది. నా మొదటి నమూనా చూపిస్తే, అది పొట్టిదంట.