నరసింహస్వామి స్తంభంలోంచి నిప్పులు రావాలి, టైమింగ్ కుదరట్లేదు (అర్జెంట్)

స్తంభం శీను:
అందరికీ నమస్కారం. మూడు గంటల నుంచి కొట్టుకుంటున్నాం, బుర్ర పని చేయట్లేదు. మా ఊరి కుర్రాళ్లం కలిసి ప్రహ్లాద నాటకం వేస్తున్నాం, శనివారం రాత్రి షో. హిరణ్యకశిపుడు గదతో స్తంభాన్ని కొట్టగానే భగ్గున నిప్పులు లేవాలి, అందులోంచి స్వామి రావాలి. స్తంభం అడుగున చిచ్చుబుడ్డి పెట్టాం. వత్తి అంటిస్తే ఒకసారి మూడు సెకన్లకే లేస్తోంది, ఇంకోసారి ఏడెనిమిది పడుతోంది. నిన్న రిహార్సల్లో స్వామి వచ్చేసి, హిరణ్యకశిపుణ్ణి ఒళ్లో వేసుకుని గోళ్లు దించాక వెనకాల చిచ్చుబుడ్డి లేచింది. ఒకటే నవ్వులు. పైగా ఆ పొగకి హార్మోనియం ఆయన దగ్గి దగ్గి పద్యం మధ్యలో వదిలేశాడు. బ్యాటరీతో కరెక్టు టైముకి వెలిగించే వైరింగ్ ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఒక్కసారిగా భగ్గుమనే మందు, అదే ఫ్లాష్ పౌడర్, ఇంట్లో కలుపుకునే ఫార్ములా ఉంటే ఇంకా మంచిది. ప్లీజ్.

లైట్స్ బాషా:
హాలా, బయటా?

రంగస్థలం తాతయ్య:
బాబూ శీనూ, చిచ్చుబుడ్డితో స్వామిని రప్పించడమేమిటయ్యా, దీపావళి అనుకున్నారా? మా రోజుల్లో కాగడా, గుగ్గిలం. అంతే. కూచిపూడి యక్షగానాల్లో రాక్షస పాత్ర ప్రవేశిస్తుంటే కాగడా మీద గుప్పెడు గుగ్గిలం పొడి చల్లేవారు. మంట గుప్పున లేచి అంతలోనే అణిగిపోయేది. చల్లేవాడు కొత్తవాడు కాదు, ఏళ్ల తరబడి అదే పని చేసినవాడు. పక్కనే తడి గోనె పట్టుకుని ఇంకొకడు కూర్చునేవాడు. ఇక సురభి వాళ్ల సంగతి చెప్పాలా? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలుపెట్టి, తరతరాలుగా కుటుంబాలకు కుటుంబాలే స్టేజీ మీద బతికాయి. మంటలు, మాయలు వాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య. మీరు మూడు గంటల్లో నేర్చుకుందామంటే ఎలా?

స్తంభం శీను:
తాతగారూ, గుగ్గిలం కూడా చూశాం. కొట్లో అడిగితే సాంబ్రాణి పొట్లం ఇచ్చాడు, రెండూ ఒకటేనన్నాడు. పొగ వచ్చింది గానీ మంట రాలేదు.

మూలికల మూర్తి:
ఒకటే అన్నవాడికి కొట్టు ఎవరిచ్చారండీ! గుగ్గిలం అంటే సాల చెట్టు జిగురు. సాంబ్రాణి వేరే చెట్టుది. గుగ్గులు అని మూడోది ఉంది, ఆయుర్వేదంలో కీళ్ల నొప్పుల మందుల్లో వాడతారు, అది ముళ్లపొద నుంచి వస్తుంది. జనం ఈ మూడింటినీ కలిపేసి చంపుతున్నారు.

రంగస్థలం తాతయ్య:
మా గుంటూరు వైపు అన్నిటినీ సాంబ్రాణి అనే అనేవారు మూర్తిగారూ. నాటకం ఆగలేదు.

మూలికల మూర్తి:
నాటకం ఆగకపోవచ్చు. మాట తప్పు తప్పే.

ఈవెంట్ రాజు:
బ్రో, ఈ పాత చింతకాయ పచ్చడంతా ఎందుకు. కోల్డ్ పైరో మెషిన్లు రెండు అద్దెకి తీసుకో. పెళ్లిళ్లలో జంట ఎంట్రీకి వాడేవే. రిమోట్ నొక్కితే పది అడుగులు లేస్తాయి, టైమింగ్ పర్ఫెక్ట్. చెయ్యి పెట్టినా కాలదు, చల్లటి నిప్పు అది.

కెమిస్ట్రీ మాస్టారు:
చల్లటి నిప్పు అనేది తడిలేని నీళ్లలాంటిది రాజుగారూ. అందులో ఉండేది టైటానియం, జిర్కోనియం లాంటి లోహాల పొడి. దాన్ని వేడిచేసి ఫ్యానుతో పైకి ఎగరేస్తారు. రవ్వ చిన్నది కాబట్టి చేతిమీద పడేలోపు చల్లారుతుంది, అంతే. మెషిన్ మూతి దగ్గర, లేదా రవ్వలు వెళ్లి ఒకేచోట పోగుపడితే అంటుకోవడానికి కావలసినంత వేడి ఉంటుంది. ఆ పొడి డబ్బా ఒలికి మంట అంటుకుంటే నీళ్లు పోయకూడదు కూడా, పొడి ఇసుకే వెయ్యాలి.

శీనూ, ఫ్లాష్ పౌడర్ ఫార్ములా మాత్రం ఇక్కడ ఎవరూ ఇవ్వొద్దు, నువ్వూ వెతకొద్దు. అది కలుపుతుండగానే, చేతి రాపిడికో బట్టల్లోని స్టాటిక్ కరెంటుకో పేలిపోతుంది. ఫ్యాక్టరీల్లో ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకే వేళ్లు పోతున్నాయి. క్లోరేట్లు, గంధకం కలిపిన మిశ్రమాన్ని మన దేశంలో 1992లోనే నిషేధించారు. 2008 ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్ ప్రకారం లైసెన్సు లేకుండా బాణసంచా తయారుచేయడం నేరం. కొన్న చిచ్చుబుడ్డిని విప్పి అందులోని మందు తీసి వాడినా అదే కథ.

ఈవెంట్ రాజు:
మాస్టారూ, వందల పెళ్లిళ్లు చేశాను. ఒక్క పెళ్లికూతురి పట్టుచీర కాలలేదు.

లైట్స్ బాషా:
శీనూ, మూడోసారి అడగను. హాలా, బయటా? స్తంభం దేనితో చేశారు?

స్తంభం శీను:
సారీ అన్నా, చెప్పాననుకున్నా. మా కల్యాణ మండపం, ఏసీ హాలే. స్తంభం థర్మోకోల్‌ది, రాయిలా కనపడాలని పెయింట్ వేయించాం, సూపర్‌గా వచ్చింది. స్టేజీ ముందు పిల్లల్ని కింద కూర్చోబెడతాం, ఒక నాలుగడుగుల దూరం. వెనక తలుపు ఒకటుంది గానీ కుర్చీలు ఎత్తుకుపోతున్నారని తాళం వేసి ఉంచుతారు. నిన్న స్వామి జూలుకి కొంచెం అంటుకుంది, వెంటనే ఆర్పేశాం, ప్రాబ్లం ఏమీ లేదు.

లైట్స్ బాషా:
ఇవన్నీ ఆఖర్లో చెప్తున్నావా!

కెమిస్ట్రీ మాస్టారు:
జూలు దేనితో చేశారు బాబూ?

స్తంభం శీను:
జనపనార అండీ. పసుపు రంగు వేశాం. స్పిరిట్ గమ్‌తో మొహానికి అతికించాం.

కెమిస్ట్రీ మాస్టారు:
జనపనార, ఆల్కహాల్ ఉన్న జిగురు, కిందనుంచి చిచ్చుబుడ్డి. మీ స్వామి వేషధారికి నా తరఫున ఒక దండం చెప్పు.

లైట్స్ బాషా:
విను. థర్మోకోల్ మంట తగిలితే కరిగి, అంటుకున్న చుక్కలుగా కిందికి కారుతుంది. పొగ నల్లగా, చిక్కగా వస్తుంది, రెండు నిమిషాల్లో తలుపు ఎటుందో కనపడదు. 2003లో అమెరికాలో రోడ్ ఐలాండ్‌లో చిన్న క్లబ్బులో బ్యాండ్ వాళ్లు స్టేజీ మీద రవ్వల ఎఫెక్ట్ పెట్టారు, గోడకున్న ఫోమ్ అంటుకుంది. 100 మంది పోయారు. ఎక్కువమంది లోపలికొచ్చిన మెయిన్ డోర్ వైపే పరిగెత్తి ఇరుక్కుపోయారు. 2013లో బ్రెజిల్‌లో శాంటా మరియాలో, బయట వెలిగించాల్సిన ఫ్లేర్‌ని, అంటే రవ్వలు చిమ్మే బాణసంచాని, లోపల వెలిగించారు. 242 మంది. మన దేశంలో 1995లో హర్యానాలోని డబ్వాలీలో స్కూలు ఫంక్షన్ షామియానా అంటుకుని 400 మందికి పైగా పోయారు, అందులో పిల్లలే ఎక్కువ. అక్కడ బాణసంచా కూడా లేదు.

ఆ హాల్లో అగ్గిపుల్ల కూడా వెలిగించొద్దు. వైరింగ్ చెప్పను. ముందు తాళం తీయించు.

స్టాఫ్ నర్స్ పద్మ:
అంటుకున్న జూలు పెట్టుకున్న అబ్బాయికి మెడ, చెవుల వెనక చూశారా? ఎర్రగా ఉన్నా, బొబ్బ వచ్చినా డాక్టరుకి చూపించండి. కాలిన వెంటనే అయితే ఇరవై నిమిషాలు మామూలు కుళాయి నీళ్ల కింద పెట్టాలి. ఐసు వద్దు, టూత్‌పేస్ట్ వద్దు, పసుపు అసలే వద్దు. ఇంకోటి, మీ రాక్షసుల డ్రెస్సులన్నీ మెరిసే పాలిస్టరే అయ్యుంటాయి. అవి కాలితే కరిగి చర్మానికి అతుక్కుంటాయి. ఊడదీయడం మా వల్ల కూడా కాదు.

కోటప్పకొండ ప్రభ:
నిప్పు లేకుండా కావాలంటే గులాల్ ఎగరేయొచ్చు కదా, ఎర్రగా మంటలాగే ఉంటుంది.

కెమిస్ట్రీ మాస్టారు:
గులాల్‌లో ఎక్కువగా మొక్కజొన్న పిండి ఉంటుంది. పిండి గాల్లో లేచి వేడి లైటు తగిలితే మంటే. 2015లో తైవాన్‌లో వాటర్ పార్కులో రంగుపొడి చల్లుతుంటే అంటుకుని 15 మంది చనిపోయారు, దాదాపు 500 మంది కాలిపోయారు. తాతగారి గుగ్గిలం లేచేది కూడా ఇందుకే. ముద్దగా ఉంటే నెమ్మదిగా కాలుతుంది, పొడి అయితే రేణువు రేణువుకీ గాలి తగిలి ఒక్కసారిగా లేస్తుంది.

రంగస్థలం తాతయ్య:
నేను గుగ్గిలం బయట చల్లమన్నాను, ఏసీ హాల్లో కాదు. నా మీదకి తోయకండి.

డెకరేషన్ నాని:
శీను తమ్ముడూ, మేం పోయినేడాది ఇదే సీను చేశాం. స్తంభం ప్లైవుడ్‌తో, మధ్యలో నిలువుగా రెండు చెక్కలు, కీళ్లు. వింగ్‌లోంచి, అంటే స్టేజీ పక్క తెర చాటునుంచి, తాడు లాగితే తలుపుల్లా విడిపోతుంది. లోపల అడుగున చిన్న టేబుల్ ఫ్యాను మల్లకిలా పెట్టాం. దానిమీద జానెడు వెడల్పు ఎరుపు, నారింజ పట్టు గుడ్డ పేలికలు. కింద ఎరుపు ఎల్ఈడీ లైటు. ఫ్యాను వేస్తే నిజంగా మంటల్లాగే ఎగురుతాయి. విడిపోయే క్షణానికి టపటపా వెలిగి ఆరే స్ట్రోబ్ లైటు రెండు సెకన్లు, అంతకంటే ఎక్కువ వద్దు, మూర్ఛ ఉన్నవాళ్లకి ప్రమాదం, ముందే మైకులో చెప్పండి. పెళపెళ శబ్దానికి స్పీకరు కూడా అక్కర్లేదు, ఆరడుగుల పలచని జీఐ రేకు (జింకు పూత ఇనుప రేకు) వేలాడదీసి ఊపితే ఉరుములా మోగుతుంది. పొగ కావాలంటే ఫాగ్ మెషిన్ ఒక్క దమ్ము చాలు, హాల్లో స్మోక్ డిటెక్టర్ ఉంటే ముందే మేనేజరుకి చెప్పండి. మాకు రేకు దెబ్బకే ముందు వరసలో పిల్లలు కేక పెట్టారు.

స్తంభం శీను:
డ్రై ఐస్ వాడొచ్చా?

లైట్స్ బాషా:
దాన్నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ కిందికి పాకుతుంది, ఊపిరాడదు. కింద కూర్చున్నది పిల్లలు. వద్దు.

మూలికల మూర్తి:
ఎవరో పైన పట్టు గుడ్డ అన్నారు. పట్టు కూడా కాలుతుంది గమనించండి. మరో విషయం, సాలకీ సాంబ్రాణికీ తేడా మీద నేను నిన్న వివరంగా రాశాను, ఎవరూ చదివినట్టు లేదు.

ఈవెంట్ రాజు:
కోల్డ్ అనేది ఇండస్ట్రీ వాడే మాట. నేను పెట్టింది కాదు. మాస్టారు కంపెనీ వాళ్లని అడగాలి.

స్తంభం శీను:
అందరికీ థాంక్స్. ప్లైవుడ్ దొరికింది, వడ్రంగి పొద్దున వస్తానన్నాడు. రేకు మా బాబాయి గొడ్ల పాకది విప్పుతున్నాం. టైం లేదు, మళ్లీ కలుస్తా.

లైట్స్ బాషా:
తాళం సంగతి?

రంగస్థలం తాతయ్య:
పాక రేకు వద్దయ్యా, తుప్పు పట్టినది మోగదు.