సెప్టిక్ ట్యాంకు ఆరేళ్లుగా తీయించలేదు, వానలకు కమోడ్ నీళ్లు దిగడం లేదు (తిరుపతి)

తిరుచానూరు పక్క

తిరుచానూరు దాటినాక కొత్త లేఅవుట్‌లో ఇల్లు. అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ లైను మా వీధికి ఇంకా రాలేదు. కింద మేము నలుగురం, పైన అద్దెకు ఐదుగురు. ట్యాంకు లోపలి కొలత 7 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, నీళ్ల లోతు 5 అడుగులు, మధ్యలో అడ్డగోడ ఉంది. అక్కణ్ణుంచి పైపు ఇంకుడు గుంతకు పోతుంది. గుంత లోతు 10 అడుగులు, 4 అడుగుల వెడల్పు సిమెంటు ఒరలు దింపించాం. స్నానాల నీళ్లు, వాషింగ్ మెషీన్ నీళ్లు కూడా ట్యాంకులోకే. వంటింటివి మాత్రం సైడు కాలువకు.

కార్తీక మాసం వానలప్పటినుంచి కింద కమోడ్‌లో ఫ్లష్ చేస్తే నీళ్లు పైకొచ్చి మెల్లగా దిగుతున్నాయి. బాత్రూం జాలీలో గుడగుడ, వాసన. ఒకరు యాసిడ్ పోయమంటారు, ఒకరు బ్యాక్టీరియా పొడి అంటారు. బండిని పిలిచి తీయిస్తే అయిపోతుందా? బోరు ఇంకుడు గుంతకు 30 అడుగుల్లోనే ఉంది, అదొక భయం.

చిత్తూరు ప్లంబింగ్

బండికి ఫోన్ చేసే ముందు ట్యాంకు మూత తీసి నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూడండన్నా. రెండు మూతలూ తీసి అరగంట వదిలేయండి. తల లోపలికి పెట్టొద్దు, అగ్గిపుల్ల, బీడీ దగ్గరికి రానీయొద్దు. మీథేన్ అంటుకుంటుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ మనిషిని పడేస్తుంది. టార్చి లైటు చాలు.

బయటికి పోయే పైపు అడుగు అంచుకు సరిగ్గా నీళ్లు ఉంటే ట్యాంకు మామూలుగా ఉన్నట్టే. సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నిండే ఉంటుంది, నిండిందని కంగారు పడాల్సిన పనిలేదు. ఆ మట్టంలో ఉండి కూడా కమోడ్ దిగకపోతే లోపం ఇంటి పైపులోనో, ట్యాంకులోకి దిగే టీ (T ఆకారపు పైపు ముక్క) దగ్గరో ఉంటుంది. పైపు మునిగి నీళ్లు పైకి లేచి ఉంటే ఇంకుడు గుంత తాగడం లేదు. పైపుకంటే కిందికి ఉంటే గోడో అడుగో కారుతోంది, మీ బోరుకు అసలు ప్రమాదం అదే.

తర్వాత అడుగున పేరుకున్న ముద్ద కొలవండి. 8 అడుగుల వెదురు కర్రకు కింద 4 అడుగుల మేర పాత తెల్ల పంచె చుట్టి దారంతో బిగించండి. మొదటి అరలో నిదానంగా అడుగు తగిలేదాకా దించి, రెండు మూడు నిమిషాలు ఉంచి నిటారుగా తీయండి. నల్లగా జిగురు పట్టినంత మేర ముద్ద, పైన పలచగా తడిసింది నీళ్లు. పైన తేలే తెట్టు మందం విడిగా చూడండి. ముద్ద, తెట్టు కలిపి నీళ్ల లోతులో మూడో వంతు దాటితే, అంటే మీకు 20 అంగుళాలు దాటితే, తీయించాలి.

రిటైర్డ్ ఏఈ

లెక్క చూద్దాం. మీ ట్యాంకు 140 ఘనపుటడుగులు, సుమారు 3,960 లీటర్లు. అందులో మూడో వంతు 1,320. మనిషికి ఏడాదికి 70 లీటర్ల దాకా ముద్ద చేరుతుంది. తొమ్మిది మందికి 630 లీటర్లు. అంటే మీరు రెండేళ్లకోసారి తీయించాల్సిన ట్యాంకు ఇది. ఆరేళ్లకు 3,780 అయింది, దాదాపు ట్యాంకంత.

మరి అంత ముద్ద ట్యాంకులో కనబడదు, ఎందుకంటే సగం గుంతలోకి పోయుంటుంది. నీళ్లు ట్యాంకులో కనీసం ఒక రోజైనా నిలబడితేనే బరువైంది అడుక్కి దిగేది. ముద్ద చోటు ఆక్రమించేకొద్దీ నీళ్లు ఆగే సమయం తగ్గి, బురద నీళ్లతో పాటే ఒరల్లోకి జారుతుంది. అది ఒరల చిల్లులు, చుట్టూ ఉన్న మట్టి మీద నల్లటి జిగురు పొరలా కట్టేస్తుంది. ట్యాంకును బండితో గంటలో ఖాళీ చేయొచ్చు, ఆ పొరను పీల్చే బండి మాత్రం లేదు. తీయించకపోతే ముందు చెడేది ట్యాంకు కాదు, గుంత.

ఇక గుంత సామర్థ్యం. 4 అడుగుల ఒర, పైపు కింద 8 అడుగుల గోడ అనుకుంటే 100 చదరపుటడుగులు, అంటే 9.3 చదరపు మీటర్లు. మట్టిలో అడుగు వెడల్పు గుంట తవ్వి రాత్రంతా నాననిచ్చి, మళ్లీ 6 అంగుళాలు నీళ్లు పోసి 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలో చూస్తారు. ఆ నిమిషాల వర్గమూలంతో 204ను భాగిస్తే చదరపు మీటరు రోజుకు ఎన్ని లీటర్లు తాగుతుందో వస్తుంది. 25 నిమిషాలైతే 40 లీటర్లు, మీ గుంతకు మొత్తం 370. తొమ్మిది మంది స్నానాలు, ఉతుకుడుతో కలిపి మనిషికి 135 చొప్పున 1,200 లీటర్లు పోస్తున్నారు. ఫ్లష్, కడుక్కునే నీళ్లు మాత్రమే అయితే 350 దగ్గర ఆగుతుంది. స్నానాల నీళ్లను ట్యాంకు నుంచి తప్పించకుండా ఇంకేం చేసినా మళ్లీ ఇక్కడికే వస్తారు.

తిరుచానూరు పక్క

కొలిచాను సార్. నీళ్లు బయటి పైపు మీద నాలుగు వేళ్లు లేచి ఉన్నాయి. ముద్ద 33 అంగుళాలు, తెట్టు 8. ఇంకుడు గుంత మూత తీస్తే అంచుదాకా నీళ్లే. ట్యాంకు నుంచి పోయే పైపుకు టీ లేదు, తిన్నగా గోడలోంచి పోయింది. రేపే మొత్తం ఖాళీ చేయించనా?

రిటైర్డ్ ఏఈ

రేపు మొత్తం వద్దు. వానాకాలం నేల నీటిమట్టం పైకొచ్చి ఉంటుంది. ఖాళీ ట్యాంకు గోడల మీద బయటి నీళ్ల ఒత్తిడి పడితే ఇటుక గోడ పగులుతుంది. ప్లాస్టిక్ ట్యాంకైతే ఏకంగా పైకి తేలుతుంది. ఇప్పుడు మొదటి అరలోంచి సగం ముద్ద తీయించి ఊపిరి తీసుకోండి. గుంతలో నీళ్లు తోడించి డబ్బు పోసుకోవద్దు, భూమిలోంచి తెల్లారేసరికి మళ్లీ ఊరతాయి. అనుమానముంటే రాత్రి 10కి, తెల్లవారి 5కి గుంతలో మట్టం గుర్తు పెట్టండి. ఎవరూ వాడని ఆ ఏడు గంటల్లో కాస్తయినా తగ్గితే గుంత నెమ్మదించిందని, తగ్గకపోతే భూమి నీళ్లే నిండాయని, లేదా గుంత పూర్తిగా మూసుకుపోయిందని అర్థం.

పూర్తి శుభ్రం సంక్రాంతి దాటాక, ఫిబ్రవరి మార్చిలో పెట్టుకోండి.

చిత్తూరు ప్లంబింగ్

బండి వచ్చినప్పుడు పక్కనే నిలబడండన్నా. పైపు పైపైన పెట్టి పలచటి నీళ్లు లాగేసి ట్యాంకరు నిండిందని పోవడం మామూలే. పైపు అడుక్కి తగలాలి. ముద్ద గట్టిపడి ఉంటే లాగిన నీళ్లను వెనక్కి కొట్టి కలిపి మళ్లీ లాగమనండి. పూర్తి శుభ్రం చేయించేటప్పుడు రెండు అరలూ తీయాలి. అయిపోయాక అదే కర్రతో మళ్లీ కొలవండి. అడుగున ఒక అంగుళం ముద్ద వదిలేయాలి, కొత్త నీళ్లకు అదే తోడు. బ్లీచింగ్ వేసి కడగమనొద్దు. బండి పోగానే మోటారు వేసి బయటి పైపు మట్టం దాకా మంచినీళ్లు నింపండి.

మనిషిని మాత్రం దించొద్దు, నిమిషమైనా. చేత్తో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా దించడం నేరం, దించిన ఇంటాయన మీదా కేసు వస్తుంది, మొదటిసారికే రెండేళ్ల జైలు, 2 లక్షల జరిమానా దాకా ఉంది. ఒకడు పడిపోతే కాపాడబోయి ఇంకొకడు పోవడం ఈ పనిలోనే ఎక్కువ.

టీ లేకపోవడమే మీ గుంతను సగం చంపింది. పైన తేలే తెట్టు నేరుగా బయటికి పోతోంది. 4 అంగుళాల పీవీసీ టీ, పైన ఆరంగుళాలు నీళ్లపైకి, కింద ఒకటిన్నర అడుగు లోపలికి దిగేలా ముక్కలు బిగించి రబ్బరు రింగుతో పైపుకు నొక్కండి, గమ్ అక్కర్లేదు. మూత సరిగ్గా పైపు మీద లేకపోతే బండలో అక్కడ అడుగున్నర చదరం కోయించి పైనుంచే బిగించాలి. లోపలికి వచ్చే పైపుకూ టీ ఉండాలి, అది నీళ్లలోకి అడుగు దిగితే చాలు.

స్నానాల లైను విడగొట్టడం కష్టమేం కాదు. బాత్రూం బయటి చాంబరులో కమోడ్ పైపు, జాలీ పైపు కలిసేచోట జాలీ పైపును కోసి వేరే చాంబరుకు తిప్పి కొబ్బరి, అరటి పాదులకు వదలండి. వాలు నాలుగు అడుగులకు ఒక అంగుళం. పైన అద్దెవాళ్ల లైను నిలువు పైపులోనే కలిసి ఉంటే మాత్రం రెండో నిలువు పైపు వేయక తప్పదు.

పుత్తూరు శానిటరీ షాపు

యాసిడ్ సంగతి నేను చెప్తా. మనవైపు బోరు నీళ్లు గట్టివి, కమోడ్‌లో తెల్ల పట్టు, పసుపు చార వస్తాయి, అందుకే వారానికో సీసా యాసిడ్ పోస్తుంటారు. అది ట్యాంకులో కుళ్లబెట్టే క్రిములను చంపుతుంది, ముద్ద కరగకుండా గట్టిగా పేరుకుంటుంది. బదులు 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) లీటరు వేడినీళ్లలో కరిగించి, ముందు మగ్గుతో కమోడ్ నీళ్లు తోడేసి, రాత్రి పోసి ఉదయం బ్రష్‌తో రుద్దండి. యాసిడ్, బ్లీచింగ్ రెండూ ఒకేచోట కలపొద్దు, క్లోరిన్ గాలి లేస్తుంది.

బ్యాక్టీరియా పొడులు నా షాపులోనూ ఉన్నాయి. అయినా చెప్తున్నా, 33 అంగుళాల ముద్దను పొడి మాయం చేయదు. మనిషి పేగుల్లోంచే రోజూ కావలసినన్ని క్రిములు వస్తాయి. కొత్త ట్యాంకుకు మాత్రం బాగా మాగిన పేడ ఒక బకెట్ కలిపితే త్వరగా మొదలవుతుంది. ప్యాడ్లు, డైపర్లు, తడి టిష్యూలు, వెంట్రుకలు, మిగిలిన సాంబారు, నూనె కమోడ్‌లో వేయొద్దు. అద్దెవాళ్ల బాత్రూంలో మూతున్న చెత్తడబ్బా మీరే కొని పెట్టండి, చెప్పడం కంటే అదే పనిచేస్తుంది.

రిటైర్డ్ ఏఈ

బోరు గురించి. తాగునీటి బావికి ఇంకుడు గుంత కనీసం 18 మీటర్లు, దాదాపు 60 అడుగులు దూరం ఉండాలని సెప్టిక్ ట్యాంకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 చెబుతుంది. మీది సగం దూరం. మన నేలలో పైన ఎర్రమట్టి, గరుసు, కింద పగుళ్ల గ్రానైటు. పగులు దొరికితే నీళ్లు వడకట్టుకోకుండానే దూరం పోతాయి. కేసింగ్ పైపు చుట్టూ సందు ఉంటే సిమెంటు పాలు పోసి మూయించండి, పైన రెండడుగుల గట్టు కట్టించండి. నీళ్లలో కోలీఫాం (మలం కలిసిందేమో చూపే క్రిములు), నైట్రేటు పరీక్ష వాన తర్వాత ఒకసారి, వేసవిలో ఒకసారి చేయించండి. అప్పటిదాకా తాగే నీళ్లు కాచుకోండి. కాచితే క్రిములు చస్తాయి గానీ నైట్రేటు పోదు, పసిపిల్లలుంటే ఆ నీళ్లతో పాలు కలపొద్దు.

గుంతకు వేసవిలో విశ్రాంతి ఇవ్వాలి. బోరుకు 60 అడుగుల అవతల చోటు దొరికితే రెండో గుంత తవ్వి, మధ్యలో చిన్న చాంబరు కట్టి, ఒక పైపుకు మూత వేసి ఆరు నెలలకోసారి మార్చండి. ఎండితే ఆ జిగురు పొర చాలావరకు విరిగిపోతుంది. ఒరల చుట్టూ ఆరంగుళాలు కంకర నింపించండి.

తిరుచానూరు పక్క

గాలి గొట్టం ట్యాంకు మీద నాలుగు అడుగులే ఉంది, వాసనకు అదేనా? పనులయ్యాక మూతలు సిమెంటుతో మూసేయాలా?

చిత్తూరు ప్లంబింగ్

అదీ కారణమే. ట్యాంకు ఇంటికి 15 మీటర్లలోపు ఉంటే గొట్టం మిద్దె మీద 2 మీటర్లు లేవాలి, కొసన దోమల జాలీ. జాలీ తుప్పుపట్టి మూసుకుపోతే మళ్లీ గుడగుడ మొదలవుతుంది, ఏడాదికోసారి చూడండి. మూతలకు గట్టి సిమెంటు వద్దు. ఒక పాలు సిమెంటుకు ఎనిమిది పాళ్లు ఇసుక కలిపి అంచు మూయండి, రెండేళ్లకు ఉలితో నాలుగు దెబ్బలు కొడితే ఊడి వస్తుంది.