అక్క లాగగలిగే విల్లు చేయాలి: ఏ చెక్క, ఎంత బలం?

పర్లాకిమిడి వడ్రంగి:

నమస్కారం. పర్లాకిమిడిలో వడ్రంగం చేస్తాను. ముప్పై ఏళ్లుగా తలుపులు, ద్వారబంధాలు, మంచాలు చేశాను. విల్లు మాత్రం ఎప్పుడూ చేయలేదు. ఇప్పుడు ఒకటి చేయాలి.

మా అక్కకు ఎడమ రొమ్ములో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్‌లో చంకలోని లింఫు గ్రంథులు కూడా తీశారు. రేడియేషన్ కోసం గుణుపురం పాసింజరులో విశాఖపట్నం వెళ్లి ఐదు వారాలు అద్దె గదిలో ఉంది. ఆ గదిలో మొత్తం ఐదుగురు ఆడవాళ్లు, అందరిదీ ఇదే జబ్బు. వంతులు వేసుకుని వండుకున్నారు. చెయ్యి పైకి లేవడానికి గోడ మీద వేళ్లు పాకించే వ్యాయామం చేస్తూ, ఎవరి చెయ్యి ఎంతవరకు వెళ్లిందో పెన్సిలుతో గీత పెట్టుకునేవారట. గది ఖాళీ చేసే రోజు అక్క ఆ గీతలను ఫోటో తీసి తెచ్చింది. ఆమె మొదటి గీతకూ చివరి గీతకూ మధ్య మూరెడు ఎడం ఉంది. ఆ ఫోటో ఎన్నిసార్లు చూశానో! రబ్బరు పట్టీ లాగే వ్యాయామం వచ్చినప్పుడల్లా గుణుపురం ఆవిడ "విల్లు ఎక్కుపెట్టినట్టు లాగాలమ్మా" అనేదట. నాకు ఈ ఆలోచన ఆ మాటతోనే వచ్చింది.

ఐదుగురూ చికిత్స పూర్తి చేసుకుని ఇళ్లకు చేరారు. జూన్ మొదటి ఆదివారాన్ని క్యాన్సర్‌ను జయించినవారి రోజుగా జరుపుతారు కదా, ఆ రోజు అందరూ మా ఇంట్లో కలుస్తామన్నారు. వాళ్ల చేతిలో పెట్టడానికే ఈ విల్లు. గోడకు తగిలించే బొమ్మ విల్లు నాకు వద్దు. ఐదుగురూ లాగాలి, బాణం వదలాలి.

పేర్లు చెక్కుదామనుకున్నాను. ఒకావిడ వద్దన్నారు. ఆమె కూతురికి సంబంధాలు చూస్తున్నారు, జబ్బు సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆమె మాట కాదనలేను. అందుకని జుట్టు రాలినప్పుడు వాళ్లు తలకు కట్టుకున్న గుడ్డల నుంచి తలో పట్టీ అడిగాను. ఐదు పట్టీలూ పిడికి చుడతాను.

మొదట టేకు పలకతో ప్రయత్నించాను. చిత్రిక పట్టి, గాజు పెంకుతో గీకి, తాడు కట్టి లాగితే జానెడు వంగగానే పేడు లేచి విరిగింది. చూస్తే చెక్కలోని నార పలక అంచు దాటి ఏటవాలుగా బయటికి పోయి ఉంది. మంచం కోడుకైతే అదొక లోపమే కాదు. మరి విల్లుకు ఏ చెక్క వాడాలి? ఎంత బలం ఉంచాలి? అక్క ఐదు అడుగుల మనిషి.

గుణుపురం మాస్టారు:

చెక్క గురించి నేను చెబుతాను. మా వైపు సవరల ఇళ్లలో విల్లు ఇప్పటికీ కనిపిస్తుంది. వెదురుతో చేస్తారు, నారి కూడా చాలాచోట్ల వెదురు బద్దే. మీరు చెక్కతోనే చేయాలనుకుంటే తడ చూడండి. ఒడియాలో ధామన అంటారు. సంస్కృతంలో దాని పేరే ధన్వనం, విల్లు పేరు మీద వచ్చింది. పనిముట్ల పిడులకు, కావడి బద్దలకు వాడే చెక్క అది. పచ్చి చెట్టు కొట్టడానికి అటవీ అనుమతి కావాలి, ఎండడానికి నెలలు పడుతుంది, కాబట్టి ఆ దారి వద్దు.

మా అటక మీద మా నాన్నగారి కావడి బద్ద ఉంది, తడదే. నలభై ఏళ్లు వంటింటి పొగ తిన్నది, పుప్పి పట్టలేదు. మీరు తీసుకువెళ్లండి. ఒక్క మాట గుర్తుంచుకోండి. కావడి భుజం మీద ఉన్నప్పుడు రెండు కొసలూ బరువుకు కిందికి వంగుతాయి, పైవైపు సాగుతుంది. విల్లులోనూ అంతే, పిడి భుజం లాంటిది, కొసలను తాడు వెనక్కు లాగుతుంది. అందుకని భుజానికి పైన ఉన్న వైపే విల్లుకు వీపు కావాలి, అంటే లాగే మనిషికి అవతలి వైపు. ఆ వైపు ఉలి పెట్టకండి, నార తెగితే మీ టేకుకు జరిగిందే జరుగుతుంది. గీకడమంతా లోపలి వైపే. తాళ్లు జారకుండా కొసల్లో గాట్లు ఉంటాయి, ఆ ముక్కలు కోసేయండి.

విల్లు మీద ఇడితల్ బొమ్మలు వేస్తే బాగుంటుందని ఎవరైనా చెబుతారు. అవి అలంకారాలు కావు, సవరలు తమ దేవతలకూ పెద్దలకూ గోడ మీద రాసుకునేవి. వేయకండి.

రాయగడ ఫిజియో:

చదువుతుంటే ఆ గోడ మీద గీతలే కళ్లముందు ఉన్నాయి. నేను చెప్పేది చెయ్యి గురించి.

చంక గ్రంథులు తీసిన చేతికి వాపు వచ్చే ప్రమాదం ఏళ్ల తరబడి ఉంటుంది. అలాగని ఆ చేతితో ఏ పనీ చేయకూడదని కాదు, బరువు మెల్లమెల్లగా పెంచాలి. మీ అక్కగారు కుడిచేతి వాటమైతే ఎడమచేత్తో విల్లు పట్టుకుంటారు. వదిలిన నారి ముంజేతికి తగిలి కమిలే అవకాశం సరిగ్గా ఆ చేతికే ఉంది. అలాంటి చేతికి దెబ్బ, గాయం, చీము ఏవీ మంచివి కావు. ముంజేతికి మందమైన తోలు పట్టీ తప్పనిసరి. లేదా కుడిచేత్తో విల్లు పట్టి ఎడమచేత్తో లాగవచ్చు. పిడిని రెండు వైపులా ఒకేలా చేయండి, ఎవరికి ఏ చెయ్యి హాయిగా ఉంటే ఆ చేత్తో పట్టుకుంటారు. రెండు చేతుల మీదా పడే బలం మాత్రం ఒకటే.

విల్లు బలాన్ని మీరు నిర్ణయించకండి, వాళ్ల భుజాలు నిర్ణయించాలి. చికిత్స చేసిన డాక్టరును అడిగించండి. ఐదుగురిలో అందరికన్నా తక్కువ లాగగలిగినవారి కొలతే విల్లు కొలత.

కొమ్ముపని ఇల్లు:

మాది పర్లాకిమిడే, మూడు తరాలుగా కొమ్ము పని. విల్లు కొసలకు నారి కోసుకుపోకుండా గేదె కొమ్ము తొడుగులు వేద్దాం. కొమ్ము చివర నిండుగా ఉండే భాగమే పనికివస్తుంది, మిగతాదంతా డొల్ల. లోపల బుడిపె ఆకారంలో తొలిచి పెడతాను, మీరు కొసను అదే ఆకారానికి చెక్కి జిగురుతో దించండి. డబ్బు మాట ఎత్తవద్దు అన్నయ్యా. మా అమ్మ కూడా అదే గోడ దగ్గర నిలబడిన మనిషే అనుకోండి.

పర్లాకిమిడి వడ్రంగి:

అందరికీ దండాలు. మాస్టారూ, మీ కావడి బద్ద నా చేతిలో విల్లయింది.

పిడిని గోడకు బిగించి, నారిని కప్పీ మీదుగా తాడుతో లాగుతూ, పది అడుగుల దూరంలో నిలబడి వంపు చూశాను. పిడికి పై సగం బిగుసుకుని, కింది సగం ఒక్కచోటే మడత పడుతోంది. వంగని చోట బొగ్గుతో గుర్తు పెట్టి, గాజు పెంకుతో నాలుగు గీతలు గీకి, ముప్పైసార్లు మెల్లగా లాగి, మళ్లీ చూడటం. కావలసిన లాగుడు దూరానికి మించి ఒక్కసారి కూడా లాగలేదు. మందం పదో వంతు తగ్గితే బలం నాలుగో వంతుకు పైగా పోతుందని చేతికి తెలిసింది. సాయంత్రం 9 కిలోలు చూపిన స్ప్రింగు కాటా మర్నాడు మధ్యాహ్నానికి 6 దగ్గర ఆగింది.

డాక్టరు సరేనన్నాక ఐదుగురినీ ఫోనులో అడిగాను, వ్యాయామం రబ్బరు పట్టీని ఎవరు ఎంత బలంతో లాగగలుగుతున్నారో. అందరికన్నా తక్కువ గుణుపురం ఆవిడది, 5 కిలోలు. ఇంకో రెండు రోజులు గీకి 5కు తెచ్చాను. ఐదు అడుగుల విల్లు, లాగుడు 24 అంగుళాలు. అవిసె నూనె మూడు పూతలు పట్టించాను. నూనె తగిలాక చేవ తేనె రంగుకు తిరిగింది.

నిన్న పెరట్లో గడ్డిమోపు పెట్టాం. అక్క తోలు పట్టీ కట్టుకుని, కుడిచేత్తో విల్లు పట్టి, ఎడమచేత్తో లాగింది. మోచెయ్యి భుజం ఎత్తుకు వచ్చేసరికి ఆగి, ఊపిరి తీసుకుని, చెంప దాకా లాగి వదిలింది. బాణం మోపు పక్కనుంచి పోయి జామచెట్టు మొదట్లో దిగింది. నన్ను తెమ్మని పంపలేదు, ఇంకో బాణం కోసం చెయ్యి చాపింది.

కొమ్ము తొడుగులు ఎల్లుండి తీసుకుంటాను తమ్ముడూ. పిడికి నాలుగు పట్టీలు చుట్టాను. కాశీనగరం ఆవిడ తన గుడ్డముక్కను బస్సు కండక్టరు చేతికిచ్చి పంపారట. రేపు పొద్దున బస్టాండుకు వెళ్లాలి.