అప్‌డేట్: లిటరేచర్ రివ్యూ ఎందుకో తెలిసింది

థీసిస్‌లో లిటరేచర్ రివ్యూ (మన టాపిక్ మీద ఇదివరకే వచ్చిన పరిశోధనల సమీక్ష) అసలెందుకు, చదివిన పేపర్ల సారాంశాలు వరుసగా పెడితే చాలదా అని అడిగాను కదా. పేపర్లను రచయితల వారీగా కాకుండా వాదనల వారీగా పేర్చమన్న జవాబు బాగా పనికొచ్చింది. నా టాపిక్ ఆన్‌లైన్ క్లాసులు. నేను చదివినవాటిలో, లాభం ఉందన్నవాళ్లు ఎక్కువగా విద్యార్థుల అభిప్రాయాలు అడిగారు. లేదన్నవాళ్లు పరీక్ష మార్కులు చూశారు. అంటే తేడా కొలిచే పద్ధతిలోనే ఉంది! ఒకే విద్యార్థుల దగ్గర రెండూ కొలిచిన పేపర్ ఇప్పటిదాకా కనబడలేదు. నా పరిశోధన ప్రశ్న సరిగ్గా అక్కడే దొరికింది. ఇంకా వెతుకుతున్నాను, ఎందుకంటే ఎవరైనా ముందే చేసేసి ఉంటే ఆ సంగతీ రివ్యూలోనే తేలాలి. "ఫలానావారు ఇలా అన్నారు" అని మొదలయ్యే పేరాలన్నీ తిరగరాసి ఈ వారమే గైడ్‌కి పంపుతున్నాను. అందరికీ చాలా థాంక్స్.