‘సొంత బాణీ’లో సొంతమేది? బాణీ, వరస, ఒరవడి మీద చర్చ

కంచరపాలెం కరపత్రం:
విశాఖలో కొత్త బ్యాండ్‌ల కచేరీకి కరపత్రం తయారవుతోందండి. అందులో ఒక వాక్యం దగ్గర పేచీ వచ్చింది: “ట్రెండ్‌కు తగ్గట్టు పాడుతూనే సొంత బాణీ నిలుపుకున్న బృందాలు.” బాణీ అంటే ట్యూన్ కదా, వీళ్లలో సగం మంది పాడేవి ఉత్తరాంధ్ర జానపదాలు, ట్యూన్ వాళ్ల సొంతం ఎలా అవుతుందని ఒకరి అభ్యంతరం. కాదు, బాణీ అంటే పాడే తీరు అని ఇంకొకరు. ఏది సరైనది? ట్రెండ్‌కు తెలుగు మాట కూడా చెప్పండి. ‘ఏ ఎండకా గొడుగు’ అని వేద్దామన్నారు గానీ బృందాలవాళ్లు వచ్చి కొడతారేమోనని ఆపాం.

మాటల మూట:
ఆపి మంచి పని చేశారు. ఏ ఎండకా గొడుగు పట్టడంలో స్వార్థం ధ్వనిస్తుంది. ‘నలుగురితో నారాయణ’ కాస్త నయం. అందులో తప్పు లేదు గానీ తనదంటూ అభిప్రాయమూ లేదు. రెండూ కరపత్రానికి పనికిరావు.

బాణీకి రెండు అర్థాలూ వాడుకలో ఉన్నాయి. సినిమావాళ్లు ‘పాటకు బాణీ కట్టారు’ అంటే ట్యూన్. కచేరీవాళ్లు ‘తంజావూరు మృదంగ బాణీ’, ‘విజయనగరం వీణ బాణీ’ అంటే వాయించే తీరు. హిందుస్తానీ ధ్రుపద్‌లో నాలుగు ‘బానీ’లున్నాయి, అవీ తీరుకు సంబంధించినవే. ఆ మాటను ‘వాణి’ నుంచి వచ్చిందిగా చెబుతారు. మీ తగువులో ఇద్దరూ సరైనవాళ్లే, కాకపోతే ఒకే మాటతో రెండు వేర్వేరు వస్తువుల్ని పట్టుకున్నారు. ట్యూన్‌కు తెలుగులో వరస అన్న మాట ఎప్పటినుంచో ఉంది. ట్యూన్‌ను వరస అని, తీరును బాణీ అని రాస్తే పేచీ తీరిపోతుంది.

తేడా పట్టడానికి ఒక తేలిక పరీక్ష. సాహిత్యం తీసేసి పాటను కూనిరాగంగా తీయండి, మిగిలింది వరస. అదే వరసను ఇద్దరితో పాడించండి. ఇద్దరి మధ్య తేడాగా వినిపించేది బాణీ.

ట్రెండ్‌కు ధోరణి, పోకడ, ఒరవడి మూడూ వాడుతున్నారు. పోకడలో కొంచెం విసురుంది, ‘కొత్త పోకడలు పోతున్నాడు’ అనడం మెప్పు కాదు. పత్రికలవాళ్లు ‘కొత్త ఒరవడి సృష్టించింది’ అని తెగ రాస్తారు గానీ, ఒరవడి అంటే పిల్లలు చూసి దిద్దుకోవడానికి గురువు పైన రాసిచ్చే అక్షరాల వరుస. పదిమంది దిద్దే మూస. ఆ లెక్కన ట్రెండ్‌కు అంతకన్నా అతికే మాట లేదు.

నాలుగు తీగలు:
బాణీ పక్షాన ఒక మాట, దాన్ని మరీ నెత్తికెత్తుకోకుండా ఇంకో మాట.

వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారి పేరు మన ఊళ్లో కళాక్షేత్రానికే ఉంది. ఆయన బాణీ అన్నప్పుడు చెప్పుకునేది నిడివైన కమాను, నాదం శుభ్రత, పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ను ఒంటరి కచేరీకి నిలబెట్టడం. వాయించిన కృతులు అందరూ వాయించేవే. అంటే వరస ఉమ్మడి సొత్తు, బాణీ ఆయనది. మాటల మూట గారి పరీక్ష ఇక్కడ నిలిచింది.

కానీ ఆ వయొలిన్ ఎక్కడిది? పడమటి వాద్యం. బాలుస్వామి దీక్షితులు దాన్ని కర్ణాటక సంగీతానికి పట్టిన కాలంలో అది కొత్త పోకడే. ఆయన అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు వరసలకు సంస్కృత సాహిత్యం రాశారు, వాటినే నొట్టుస్వరాలంటారు. బ్రిటిష్ రాజగీతం వరసకు రాసిన ‘సంతతం పాహి మాం’ వాటిలో ఒకటి. గమకం వేయకుండా, అంటే ఊపకుండా, స్వరాన్ని నిలువుగా పలికించాలి. అక్కడ వరసా బయటిదే, పలికే తీరూ బయటిదే, సాహిత్యం ఒక్కటే ఆయనది. అయినా ఆయన బాణీ పోయిందని ఎవరైనా అన్నారా? కాబట్టి ‘బాణీ మారరాదు’ అన్న పట్టుదలే ఒక్కోసారి ఒరవడి దిద్దడం అవుతుంది, గురువుగారి దగ్గు కూడా శిష్యుడు దగ్గినట్టు.

ఫేడర్:
మాటల సంగతి మీరు తేల్చండి, బాణీ ఎక్కడ చస్తుందో మిక్సింగ్ బల్ల దగ్గర చూపిస్తాను. సాధారణంగా నాలుగు చోట్ల.

మొదటిది పిచ్ కరెక్షన్, అంటే తప్పిన స్వరాన్ని యంత్రంతో సరిచేయడం. రీట్యూన్ వేగం (ఎంత త్వరగా సరిచేయాలన్న సెట్టింగు) సున్నాకు దగ్గరగా పెడితే గమకం మెట్లుగా విరిగిపోతుంది. తోడి రాగంలో గాంధారం రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగాలి. యంత్రం దాన్ని ‘స్వరం తప్పింది’ అనుకుని దగ్గరున్న మెట్టుకు గుంజేస్తుంది. మొత్తం ట్రాకుకు ఆటోమేటిక్ పెట్టకండి. నిలబెట్టిన స్వరాలను మాత్రం చేత్తో ఒక్కొక్కటీ సరిచేసి, ఊగే చోట్ల పూర్తిగా ఆపేయాలి.

రెండోది శ్రుతి. ఒకటి శ్రుతి అంటే సి, ఐదంటే జి, ఐదున్నర అంటే జి షార్ప్. జానపద గాయకులు కీబోర్డు చూసి ఎత్తుకోరు కాబట్టి వాళ్ల షడ్జమం (స) రెండు మీటల మధ్య పడుతుంది. గొంతును మీట మీదికి లాగడం అందరూ చేసే పని. అలా కాకుండా వాద్యాలను గొంతు దగ్గరకు తీసుకెళ్లాలి. గాయకుడు 30 సెంట్లు (సెంటంటే పక్కపక్క మీటల మధ్య దూరంలో నూరో వంతు) పైన ఉంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్ట్ ట్యూనింగ్ 440 నుంచి సుమారు 447.7 హెర్ట్జ్‌కు పెంచండి. సాఫ్ట్‌వేర్ వాద్యాలకు అర నిమిషం పని. గిటార్ ఉంటే దాన్నీ అదే స్థాయికి బిగించాలి. వేణువు ఉంటే మాత్రం తిప్పలే, అది బిగిస్తే మారేది కాదు.

మూడోది కార్డ్‌లు. హిందోళంలో పంచమం లేదు. సి షడ్జమంగా పాడుతుంటే కీబోర్డ్ కుర్రాడు అలవాటుగా సి మైనర్ నొక్కుతాడు, అందులో జి ఉంది, అంటే పంచమం వచ్చి కూర్చుంది. ఎఫ్ మైనర్ (మ ద స), ఎ ఫ్లాట్ మేజర్ (ద స గ) వాడితే రాగం చెడదు. మోహనంలో సి మేజర్, ఎ మైనర్ సరిపోతాయి. ఎఫ్ మేజర్ మధ్యమాన్ని, జి మేజర్ నిషాదాన్ని లోపలికి తెస్తాయి. ‘ఏదో తేడాగా ఉంది గానీ ఏంటో తెలీట్లేదు’ అని జనం అనే చోట చాలాసార్లు కారణం ఇదే.

నాలుగోది క్లిక్, రికార్డింగులో వేగం తప్పకుండా చెవిలో వినిపించే టిక్కుటిక్కు. దీని గురించి గజ్జెల మోత గారు చెబితే బాగుంటుంది.

గజ్జెల మోత:
ఏటండి, గురువుల పేర్లు, కీబోర్డు మీటలే గాని ఊరి పాట సంగతి రాదా అని చూస్తన్నాను.

మా వైపు పాడేవాళ్లు బాణీ అన్న మాటే వాడరు. వరస అంటారు. ‘ఆ వరసలో ఎత్తు’ అంటే చాలు. ఒక్క వరసలో పది కథలు నడుస్తాయి, ఎవడు కట్టాడో ఎవరికీ పట్టదు. అక్కడ సొంతమయ్యేది ఎత్తుగడ, మాట విరుపు, వంత అందుకునే చోటు. తప్పెటగుళ్లే తీసుకోండి. రొమ్ముకు కట్టిన రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలు, ఒకరు పాడితే మిగతావాళ్లు వంత. మెల్లగా మొదలై నడక పెరుగుతూ పోతుంది. ఆ పెరగడమే ఆట. దాన్ని డీజే వాళ్లు ఒకే వేగానికి బిగించి, మొదటి నుంచే తారస్థాయి హోరు పెడతారు. ఇంక పెరగడానికి ఏం మిగిలింది?

క్లిక్ కావాలంటే ఉండనివ్వండి, పాటకు అది లొంగాలి గాని పాట దానికి లొంగకూడదు. ముందు క్లిక్ లేకుండా వంతతో సహా ఒక గుక్కలో రికార్డు చెయ్యండి. ప్రతి ఆవర్తనం (తాళం ఒక చుట్టు) మొదట్లో గుర్తు పెట్టుకుంటూ పోండి. ఆ గుర్తులను బట్టి ఎక్కడ ఎంత వేగమో చూపే టెంపో మ్యాప్ గీయండి. డ్రమ్ముల లూప్‌ను ఆ మ్యాప్ మీద సాగదీయండి. పాటను సాగదీస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది, లూప్‌ను సాగదీస్తే ఎవరికీ తెలీదు.

ఇంకోటి. జముకుల కథలో జముకు తీగ బిగువు మారినప్పుడల్లా నాదం పైకీ కిందకీ జారుతుంది. ఆ జారుడే దాని మాట. కిక్ డ్రమ్ము దాని మీద పడితే ఒట్టి గుబగుబ మిగుల్తుంది. జముకు జారే చోట కిక్ ఆపెయ్యండి, రెండూ బతుకుతాయి. ధింసా నాట్యానికైనా అంతే, తుడుము అనే తోలు వాద్యం మీద బేస్ రుద్దకండి. బీచ్ రోడ్డు మీద వేదికైతే తోలు వాద్యాలను గంట ముందే బయట పెట్టి ఆ గాలికి అలవాటు పడ్డాక శ్రుతి చూసుకోవాలి. తేమకు తోలు సడలి శ్రుతి దిగిపోతుంది, అప్పుడు తప్పు గాయకుడిదనుకుంటారు.

గురులఘువు:
మీరందరూ స్వరం, తాళం చూశారు. బాణీలో తెలుగు ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు. మాత్రల్లో ఉంది.

లఘువుకు ఒకటి, గురువుకు రెండు. మన పాటల్లో మిశ్రగతి చాలా ఎక్కువ, 3+4, తకిట తకధిమి. మత్తకోకిల నడక కూడా అదే: 3+4, 3+4, 3+4, చివర 3+2. ఇప్పుడు నడుస్తున్న బీటు నాలుగుల్లో ఉంటుంది. ఏడు మాత్రల పాటను అందులో కూర్చోబెట్టడానికి తకిటకు ఒక మాత్ర అతికించి ఎనిమిది చేస్తారు. ఆ క్షణంలో పాట నడక పోయి కవాతు వస్తుంది. వరస అదే, స్వరాలన్నీ అవే, అయినా పాట అది కాదు. దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. కిక్‌ను ఏడులో ఒకటో మాత్ర మీద, నాలుగో మాత్ర మీద వేయండి. జనం తల ఊపడానికి ఆ రెండు దెబ్బలు చాలు. తిశ్రంలో (మూడు మాత్రల నడకలో) ఉన్న పాటైతే స్వింగ్ (రెండో దెబ్బను వెనక్కి జరిపే సెట్టింగు) 66 శాతం దగ్గర పెడితే మూడు భాగాల నడక వస్తుంది, సగం దగ్గర వదిలేస్తే రాదు.

రెండో ప్రమాదం వేగం. నిమిషానికి 140 బీట్లు పెట్టి బీటుకు నాలుగు అక్షరాలు పాడితే అక్షరానికి దక్కేది సుమారు 0.107 సెకను. అంతలో ద్విత్వం పలకదు. ‘గడ్డి’ ‘గడి’ అవుతుంది, ‘పల్లి’ ‘పలి’ అవుతుంది. నెమ్మది పాటలో దీనికి ఎదురు జబ్బు, ‘వల’ లాగమంటే ‘వాల’ అని సాగుతుంది, ‘కల’ ‘కాల’మైపోతుంది. సాగదీయాల్సి వస్తే ముందున్న హ్రస్వాన్ని వదిలి తర్వాతి దీర్ఘం మీద సాగదీయాలి, లేదా పదం చివర. ద్విత్వం ఉన్న పదాలు వేగంలో పడకుండా బీటుకు రెండక్షరాల చోట పడేలా చరణం సర్దుకోవాలి. వరస ఎవరిదైనా మాట చెడకపోతే పాట తెలుగులో ఉంటుంది.

నాలుగు తీగలు:
మాత్రల మాట ఒప్పుకుంటాను. కానీ ఎనిమిది చేయడం ప్రతిసారీ నేరమేనంటారా? నిడివి తెచ్చిపెట్టే మార్పులు ఇవాళ్టివి కావు. 78 వేగం రికార్డులో పది అంగుళాల పళ్లేనికి ఒక వైపు మూడు నిమిషాల చిల్లర. ఆ రోజుల్లో కృతులను అందులోకి కుదించే పాడారు. ఘంటసాల గారు విజయనగరం సంగీత కళాశాలలో నేర్చిన విద్యతో ఆ మూడు నిమిషాల సినిమా పాటే పాడారు. నిడివి ఒరవడిదే, గొంతు మాత్రం విజయనగరంలో తయారైనది.

గురులఘువు:
నేరమని అనలేదు మాస్టారూ. తెలిసి ఎనిమిది చేస్తే అది కూర్పు, తెలియక అయితే లూప్ చేయించిన పని. తేడా రికార్డు మీద రెండో చరణంలో బయటపడుతుంది. తెలిసి చేసినవాడు అతికిన మాత్రలో ఏదైనా వేస్తాడు, ఒక గజ్జె గానీ ఒక వంత గానీ. తెలియనివాడి దగ్గర అక్కడ ఖాళీ ఉంటుంది.

ఫేడర్:
నిడివి మాట వచ్చింది కాబట్టి ఫోన్లో పెట్టే రీల్ వీడియో లెక్క కూడా చెప్పేస్తా. ఆదితాళం ఆవర్తనానికి ఎనిమిది తాళాక్షరాలు, నిమిషానికి 80 తాళాక్షరాల నడకైతే ఆవర్తనం 6 సెకన్లు. 30 సెకన్లకు అయిదు ఆవర్తనాలు. మూడు సంగతులతో (అదే పంక్తిని మార్చి మార్చి పాడుతూ) పల్లవి, ఒక ఆవర్తనం వాద్యం, మళ్లీ పల్లవి ఎత్తుగడ, హాయిగా సరిపోతాయి. వేగం పెంచి అనుపల్లవి కూడా కుక్కుదామనుకునేవాళ్ల దగ్గరే అన్నీ చెడతాయి. తక్కువ పాడండి, ఉన్న నడకలో పాడండి.

కంచరపాలెం కరపత్రం:
అందరికీ దండాలు. వాక్యం ఇలా మార్చాం: “వరస పాతదైనా ఒరవడి కొత్తదైనా, తమ బాణీలో పాడే బృందాలు.” సరేనా? బాణి అనాలా బాణీ అనాలా? పాటల పట్టికలో ‘బాణీ’ అని ఒక గడి ఉంది, అక్కడ చాలామంది తమ పేర్లే రాసి పంపారు. ఉంచాలా?

మాటల మూట:
వాక్యం బాగుంది. బాణీ అని దీర్ఘంతోనే రాయండి, బహువచనం బాణీలు. గడిలో మాత్రం ఆ మాట వద్దు, పేచీ మళ్లీ మొదలవుతుంది. ‘వరస’, ‘వాద్యకూర్పు’ అని రెండు గడులు చేయండి. కొత్తగా కట్టిన పాటకు రెండింటిలోనూ వాళ్ల పేరు వస్తుంది. జానపదమైతే మొదటి గడిలో ‘ఉత్తరాంధ్ర జానపదం’ అని, రెండో గడిలో వాద్యాలు సమకూర్చినవారి పేరు.

గజ్జెల మోత:
ఉత్తరాంధ్ర జానపదం అంటే సరిపోదండి. తప్పెటగుళ్ల వరసా, జముకుల కథ వరసా, ధింసా పాటా అన్నది కూడా రాయండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ ఊరి పేరు, వాళ్లు ఒప్పుకుంటే పేరు కూడా వెయ్యండి. మూడో గడి పెట్టడానికి కాగితంలో చోటుందా?

కంచరపాలెం కరపత్రం:
స్పాన్సర్ బొమ్మ కాస్త చిన్నది చేస్తే ఉంటుంది. అడుగుతాం.